జర్మనీలో స్టూడెంట్ పర్మిట్ పొడిగింపు: గడువులోగా అపాయింట్‌మెంట్ దొరకకపోతే ఏమి చేయాలి?

కృష్ణాతీరం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను జర్మనీ తూర్పు ప్రాంతంలోని ఒక విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగ్ మాస్టర్స్ చదువుతున్నాను. ఇప్పుడు ఐదో సెమిస్టర్ నడుస్తోంది. మొత్తం 120 క్రెడిట్లలో 78 పూర్తయ్యాయి. 12 క్రెడిట్ల విలువైన రెండు సబ్జెక్టులు, 30 క్రెడిట్ల థీసిస్ మిగిలి ఉన్నాయి. నా రెసిడెన్స్ పర్మిట్ కార్డు మీద గడువు మార్చి 31 అని ఉంది.

పొడిగింపు కోసం మా నగరంలోని విదేశీయుల కార్యాలయం వెబ్‌సైటును కొంతకాలంగా ప్రతి ఉదయం తెరిచి చూస్తున్నాను. మే నెలకు ముందు ఒక్క తేదీ కూడా ఖాళీ కనబడడం లేదు. ఈమెయిలు రాస్తే, సందేశం అందిందని దానంతట అదే వచ్చే జవాబు తప్ప మరేమీ రాలేదు. మార్చి 31 దాటిన తరువాత మే నెల అపాయింట్‌మెంట్ వరకు నేను ఇక్కడ ఉండడం చట్టవిరుద్ధం అవుతుందా అన్నది నా మొదటి సందేహం. అపాయింట్‌మెంట్ బుక్ చేసిన కాగితం ఉంటే చాలని కొందరు, గడువు దాటితే దేశం విడిచి వెళ్లవలసిందేనని మరికొందరు చెబుతున్నారు. ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదు.

రెండో సందేహం డబ్బు గురించి. వచ్చేటప్పుడు బ్లాక్డ్ అకౌంట్‌లో (జీవన వ్యయానికి ఆధారంగా ముందే డబ్బు వేసి, నెలకు కొంత మాత్రమే తీసుకోగల ఖాతా) వేసిన సొమ్ము ఎప్పుడో అయిపోయింది. ప్రస్తుతం ఒక గోదాములో పార్ట్‌టైమ్ పని చేస్తూ నెల ఖర్చులు నెట్టుకొస్తున్నాను. మళ్లీ ఏడాదికి సరిపడా మొత్తం బ్లాక్ చేయాలంటే నాన్నగారు ఊళ్లో పొలం మీద అప్పు తీసుకోవాలి, అది నాకు ఇష్టం లేదు. వేరే మార్గం ఉందా?

మూడోది, మా అక్క పెళ్లి మే నెలలో విజయవాడలో నిశ్చయమైంది. కొత్త కార్డు చేతికి రాకపోయినా ఇండియా వెళ్లి తిరిగి రావచ్చా? ఈ దారిలో నడిచినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

ఎల్బేగట్టు

చెల్లెమ్మా, ముందుగా మీ మొదటి సందేహానికి జవాబు చెబుతాను, ఎందుకంటే మిగిలినవన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. గడువు లోపల చేరవలసింది మీ దరఖాస్తు. అపాయింట్‌మెంట్ తేదీ గడువుకు ముందు ఉందా, తరువాత ఉందా అన్నదానితో మీ నివాస హక్కుకు సంబంధం లేదు. జర్మనీ నివాస చట్టం 81వ సెక్షన్ 4వ ఉపవిభాగం ప్రకారం, ఉన్న పర్మిట్ గడువు ముగియకముందే పొడిగింపు కోరుతూ దరఖాస్తు చేసుకున్నవారికి, కార్యాలయం నిర్ణయం తీసుకునే వరకు పాత పర్మిట్ కొనసాగుతున్నట్టే లెక్క. ఆ నిర్ణయం మే నెలలో రావచ్చు, ఆగస్టులో రావచ్చు, అంతవరకు మీరు ఇక్కడ ఉండడం పూర్తిగా చట్టబద్ధమే. పాత పర్మిట్‌తో పాటు ఉన్న పని హక్కు కూడా అవే షరతులతో కొనసాగుతుంది కనుక గోదాములో మీ ఉద్యోగం మానవలసిన అవసరం లేదు.

అయితే మీ స్నేహితులు చెప్పిన మాటలో ఒక చిక్కు ఉంది. ఆన్‌లైన్‌లో అపాయింట్‌మెంట్ బుక్ చేయడం వేరు, దరఖాస్తు చేయడం వేరు. కొన్ని నగరాల్లో బుకింగ్ పేజీలోనే దరఖాస్తు కూడా భాగంగా ఉంటుంది. చాలా చోట్ల మాత్రం బుకింగ్ అంటే ఒక తేదీ, ఒక నంబరు, అంతే. దానినే నమ్ముకుని మార్చి 31 దాటనివ్వడం పెద్ద ప్రమాదం. మీ నగరంలో ఆన్‌లైన్ దరఖాస్తు సౌకర్యం ఉంటే ఈ వారమే దాని ద్వారా పంపండి. లేకపోతే కార్యాలయం వెబ్‌సైటులో దొరికే పొడిగింపు ఫారం నింపి, సంతకం చేసి, పత్రాల నకళ్లు జతపరచి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అదే కట్టను పీడీఎఫ్ చేసి ఈమెయిలులో కూడా పంపండి. ఈ దేశంలో ప్రభుత్వ కార్యాలయాలు ఇప్పటికీ ఫ్యాక్స్ వాడుతున్నాయి. ఫ్యాక్స్ పంపితే వచ్చే ధ్రువీకరణ పత్రం మీద తేదీ, సమయం, పేజీల సంఖ్య ఉంటాయి కాబట్టి అది కూడా మంచి సాక్ష్యమే. ఏ మార్గంలో పంపినా, గడువులోగా అది వారికి చేరినట్టు చూపే కాగితం మీ దగ్గర ఉండాలి. మీరు పంపానన్న ఈమెయిలులో కేవలం అపాయింట్‌మెంట్ ఇవ్వమని అడిగి ఉంటే దానిని దరఖాస్తుగా లెక్కించకపోవచ్చు. అందువల్ల కొత్త లేఖలో మొదటి వాక్యంలోనే, చదువు కోసం ఇచ్చిన నా నివాస అనుమతిని పొడిగించమని దరఖాస్తు చేసుకుంటున్నాను అని జర్మన్ భాషలో స్పష్టంగా రాయండి. పూర్తి పేరు, పుట్టిన తేదీ, కార్డు నంబరు, గడువు తేదీ, ప్రస్తుత చిరునామా తప్పనిసరిగా ఉండాలి.

ఏదైనా ఒక పత్రం ఇంకా చేతికి రాలేదని మొత్తం దరఖాస్తును ఆపవద్దు. ఉన్నవి పంపి, ఫలానా పత్రం ఫలానా సమయానికి పంపుతానని అందులోనే రాయవచ్చు. సాధారణంగా అడిగేవి ఇవి: పాస్‌పోర్టు, ప్రస్తుత కార్డు రెండు వైపులా, వచ్చే సెమిస్టర్ ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్, మార్కుల జాబితా, ఆరోగ్య బీమా సంస్థ ఇచ్చిన ధ్రువపత్రం, ఇంటి అద్దె ఒప్పందం, చిరునామా నమోదు పత్రం, జీవన వ్యయానికి ఆధారం. వీటిలో ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్ విషయంలో జాగ్రత్త అవసరం. వేసవి సెమిస్టర్ ఏప్రిల్ 1న మొదలవుతుంది, మీ గడువు మార్చి 31న ముగుస్తుంది. కాబట్టి శీతాకాల సెమిస్టర్ సర్టిఫికెట్ జతచేస్తే వారికి ఉపయోగం లేదు. వేసవి సెమిస్టర్ ఫీజు కట్టి పునర్నమోదు పూర్తయితే కొత్త సర్టిఫికెట్ విద్యార్థి పోర్టల్‌లో వచ్చేస్తుంది. ఆ గడువు చాలా విశ్వవిద్యాలయాల్లో జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే ముగుస్తుంది కాబట్టి ముందు అది చూడండి.

దరఖాస్తు చేరిన తరువాత ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ అనే తాత్కాలిక పత్రం ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. దానికి రుసుము 13 యూరోలు. అది మడతలు పెట్టిన కాగితం. లోపలి పేజీలో మూడు గళ్లు ఉంటాయి, వాటిలో ఒకదానికి టిక్ పెడతారు. మీలాగా ఉన్న పర్మిట్‌ను సకాలంలో పొడిగింపుకు పెట్టినవారికి 81వ సెక్షన్ 4వ ఉపవిభాగం పేర్కొన్న మూడో గడికి టిక్ ఉండాలి. కౌంటరు దగ్గరే విప్పి చూసుకోండి, ఎందుకంటే తిరుగు ప్రయాణానికి పనికొచ్చేది ఆ గడి ఒక్కటే. ఒక మాట గుర్తుంచుకోండి. మీ హక్కు ఈ కాగితం వల్ల పుట్టదు, సకాలంలో చేసిన దరఖాస్తు వల్ల పుడుతుంది. కాగితం దానికి రుజువు మాత్రమే. కాబట్టి అది ఆలస్యమైనంత మాత్రాన ఏప్రిల్ 1న మీరు అక్రమంగా ఉన్నట్టు కాదు. అయినా యజమానికి, బ్యాంకుకు, ఇంటి యజమానికి, విమానాశ్రయంలో అధికారికి రుజువు కావాలి గనుక దానిని వెంటపడి తీసుకోవాలి.

ఇక చివరిగా, గడువు దాటిన తరువాత చేసే దరఖాస్తు విషయం. తీవ్రమైన ఇబ్బందిని నివారించడానికి, ఆలస్యమైన దరఖాస్తుకు కూడా అదే ప్రభావం వర్తిస్తుందని ఆదేశించే అధికారం కార్యాలయానికి ఉంది. అది వారి విచక్షణ, మన హక్కు కాదు. ఆ పరిస్థితి మీకు రాకూడదు, ఇంకా సమయం ఉంది కాబట్టి రానివ్వకండి.

పరిశోధక

పై సమాధానం చట్టం విషయంలో సరిగ్గా ఉంది. అయితే నేను ఒక విశ్వవిద్యాలయ విభాగంలో పరిశోధకురాలిగా పని చేస్తూ, మన విద్యార్థులు చాలామంది పొడిగింపు కాగితాలతో మా గది ముందు నిలబడడం చూస్తూ ఉంటాను కనుక, కార్యాలయం నిజంగా దేనిని తూచి చూస్తుందో చెప్పాలనిపించింది. మన వాళ్ల దృష్టి అంతా అపాయింట్‌మెంట్ మీద, డబ్బు మీద ఉంటుంది. ఫైలు తెరిచిన అధికారి మాత్రం మొదట చూసేది చదువు ఎంత ముందుకు సాగిందన్నదే.

అదే నివాస చట్టంలో చదువు పర్మిట్‌కు సంబంధించిన 16బి సెక్షన్ చెప్పేది ఇది: చదువు ఇంకా పూర్తి కాకపోయి, సమంజసమైన కాలంలో పూర్తి కాగలిగితే పర్మిట్‌ను పొడిగించాలి. ఆ అంచనా కోసం కార్యాలయం విశ్వవిద్యాలయం అభిప్రాయాన్ని అడగవచ్చు. మామూలుగా, ఆ కోర్సును విద్యార్థులు పూర్తి చేసే సగటు కాలానికి మూడు సెమిస్టర్లకు మించి దాటకపోతే చదువు సక్రమంగా సాగుతున్నట్టు భావిస్తారు. ఆ సగటు కాగితం మీద ఉన్న నాలుగు సెమిస్టర్ల కంటే ఎక్కువగానే ఉంటుంది, ఇంజనీరింగ్ మాస్టర్స్‌లో మరీ. ఐదో సెమిస్టర్‌లో 78 క్రెడిట్లతో ఉన్న మీరు ఆందోళన పడవలసిన స్థితిలో లేరు. కానీ మిగిలిన 42 క్రెడిట్లు ఎప్పుడు, ఎలా పూర్తవుతాయో అధికారి ఊహకు వదిలిపెట్టకూడదు.

అందువల్ల ఈ పని చేయండి. ఒక పేజీ చదువు ప్రణాళిక రాయండి. రెండు సబ్జెక్టుల పేర్లు, వాటి పరీక్షలు ఏ నెలలో ఉన్నాయి, థీసిస్ ఎప్పుడు నమోదు చేస్తారు, సమర్పణ ఎప్పుడు, మౌఖిక పరీక్ష ఉంటే అది ఎప్పుడు, ఇవన్నీ నెలల వారీగా ఉండాలి. మీ విభాగంలోని స్టడీ అడ్వైజర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుని, ఈ ప్రణాళిక సాధ్యమేనని, ఫలానా సెమిస్టర్ చివరికి డిగ్రీ పూర్తి కావచ్చని రెండు వాక్యాల లేఖ తీసుకోండి. థీసిస్ గైడ్ ఇప్పటికే ఖరారై ఉంటే ఆయన లేఖ ఇంకా బలంగా ఉంటుంది. ఖరారు కాకపోతే, ఎవరెవరిని సంప్రదించారో చెప్పినా చాలు. లేఖ జర్మన్‌లో ఉంటే మంచిది. మన విద్యార్థులు ప్రొఫెసర్‌ను ఇలాంటి లేఖ అడగడానికి ఎంతో మొహమాటపడతారు. ఇక్కడ అది చాలా మామూలు విషయం, సరిగ్గా అడిగితే ఎవరూ విసుక్కోరు. మీరే ముసాయిదా రాసుకుని తీసుకెళితే వారి పని కూడా సులువవుతుంది.

పొడిగింపు ఎంతకాలానికి అడగాలన్నది కూడా ఆలోచించండి. థీసిస్ సమర్పించిన రోజుతో డిగ్రీ పూర్తి కాదు. ఇద్దరు పరీక్షకులు దిద్దాలి, మార్కులు పరీక్షల కార్యాలయానికి చేరాలి, అందులో వారాలు గడుస్తాయి. సమర్పణ సెప్టెంబరులో అనుకుంటే గడువును సెప్టెంబరు 30 వరకే అడిగినవారు మళ్లీ ఆ నెలలో ఇదే పరుగు పెట్టవలసి వస్తుంది, మళ్లీ 93 యూరోలు కట్టవలసి వస్తుంది. కాబట్టి దిద్దే కాలాన్ని కలుపుకుని, వచ్చే మార్చి వరకు అడగడం సమంజసంగా ఉంటుంది. ముందే పూర్తయితే, డిగ్రీ తరువాత ఉద్యోగం వెతుక్కునేందుకు 18 నెలల వరకు ఇచ్చే అనుమతికి అప్పుడు మారవచ్చు.

మరొకటి, మిగిలిన రెండు సబ్జెక్టుల్లో ఎందులోనైనా ఇది చివరి ప్రయత్నం అయితే ఆ పరీక్షకు ముందు తప్పకుండా అడ్వైజర్‌తో మాట్లాడండి. అనుమతించిన ప్రయత్నాలన్నింటిలో తప్పితే విశ్వవిద్యాలయం పేరు తొలగిస్తుంది, పేరు తొలగిస్తే పర్మిట్‌కు ఆధారమే పోతుంది. వేరే కోర్సులో చేరే దారి ఉంటుంది గానీ, అది ముందుగా ఆలోచించుకోవలసిన విషయం, ఫలితం వచ్చాక కాదు.

రూర్‌లోయ

డబ్బు గురించి నేను చెబుతాను. ఈ విషయంలోనే మన కుటుంబాలు అవసరానికి మించి అప్పుల పాలవుతున్నాయి.

ప్రస్తుతం విద్యార్థి నెలకు 992 యూరోలు చూపించాలి, అంటే ఏడాదికి 11,904 యూరోలు. 2024 సెప్టెంబరు వరకు ఇది నెలకు 934గా ఉండేది, కాబట్టి మీరు మొదట వచ్చినప్పుడు వేసిన మొత్తాన్ని పట్టుకుని లెక్క వేయకండి. రూపాయల్లో ఇది పది లక్షలు దాటుతుంది. అయితే పొడిగింపు దగ్గర రెండు ఊరటలు ఉన్నాయి. మొదటిది, మీరు కోరుతున్న కాలానికి సరిపడా ఆధారం చూపాలి. ఆరు నెలలే అడిగితే లెక్క 5,952 యూరోల దగ్గర ఆగుతుంది. పైన పరిశోధక గారు వచ్చే మార్చి వరకు అడగమన్నారు. ఆమె చెప్పిన కారణం సరైనదే, కానీ ఎక్కువ కాలం అడిగితే ఎక్కువ ఆధారం చూపాలన్నది కూడా తూకం వేసుకోండి. నా అభిప్రాయంలో, డబ్బుకు నిజంగా ఇబ్బంది ఉన్నవారు తక్కువ కాలం అడిగి మరోసారి 93 యూరోలు కట్టడమే నాన్నగారు పొలం తాకట్టు పెట్టడం కంటే మేలు.

రెండో ఊరట, బ్లాక్డ్ అకౌంట్ ఒక్కటే మార్గం కాదు. ఇప్పటికే ఇక్కడ పని చేస్తున్న విద్యార్థి ఉద్యోగ ఒప్పందం, ఇటీవలి నెలల జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు పెట్టి, నెలకు వచ్చే నికర జీతం ఎంతో చూపవచ్చు. జీతం 992కు తగ్గితే తేడాను బ్యాంకు నిల్వతోనో, చిన్న మొత్తపు బ్లాక్డ్ అకౌంట్‌తోనో పూరించవచ్చు. ఉదాహరణకు మీకు నెలకు చేతికి 700 వస్తుంటే, మిగిలిన 292 చొప్పున ఆరు నెలలకు 1,752 యూరోలు చూపిస్తే లెక్క సరిపోతుంది. జర్మనీలో ఉంటున్న బంధువు ఎవరైనా మీ ఖర్చులకు హామీ ఇస్తూ తన ఊరి కార్యాలయంలో సంతకం చేసే పద్ధతి కూడా ఉంది. కానీ ఆ హామీ బాధ్యత ఏళ్ల తరబడి వారి మెడకు ఉంటుంది కాబట్టి దానిని తేలికగా అడగవద్దు. ఏ ఆధారాన్ని ఎంతవరకు అంగీకరిస్తారన్నది ఊరిని బట్టి మారుతుంది. మీ నగర కార్యాలయం వెబ్‌సైటులో ఉన్న పత్రాల జాబితాను అక్షరం పొల్లుపోకుండా చదవండి. పక్క ఊరి స్నేహితురాలికి ఒప్పుకున్నది మీకు ఒప్పుకోకపోవచ్చు.

జీతం స్లిప్పులు చూపించేటప్పుడు మరొక సంగతి బయటపడుతుంది. చదువు పర్మిట్ మీద ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు మాత్రమే పని చేయవచ్చు. 2024 మార్చికి ముందు ఇది 120, 240 రోజులుగా ఉండేది. విశ్వవిద్యాలయంలోనే చేసే విద్యార్థి సహాయక ఉద్యోగం ఈ లెక్కలోకి రాదు. గోదాము పని వస్తుంది. సెమిస్టర్ నడిచే కాలంలో వారానికి 20 గంటలు దాటితే ఆరోగ్య బీమాలో విద్యార్థి హోదా కూడా ప్రశ్నార్థకం అవుతుంది. మీరే పంపిన స్లిప్పుల్లో గంటలు ఉంటాయి, అధికారి వాటిని కూడగలడు. పంపే ముందు మీరు కూడి చూసుకోండి. ఇక మినీ జాబ్ (నెల జీతానికి పరిమితి ఉన్న చిన్న ఉద్యోగం) ఒక్కదానితో ఈ లెక్క తీరదు, దాని నెల పరిమితి 2025లో 556 యూరోలు, 2026 జనవరి నుంచి 603 యూరోలు.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. వాట్సాప్ గ్రూపుల్లో, కొన్ని రోజులకు మీ ఖాతాలో డబ్బు వేసి స్టేట్‌మెంట్ తీసుకున్నాక వెనక్కి తీసుకుంటామని, అందుకు కమిషన్ ఇవ్వమని అడిగేవారు ఉన్నారు. జీతం స్లిప్పులు తయారుచేసి ఇస్తామనేవారు కూడా ఉన్నారు. నివాస అనుమతి కోసం తప్పుడు సమాచారం ఇవ్వడం ఇక్కడ మూడేళ్ల వరకు జైలు శిక్ష లేదా జరిమానా విధించదగిన నేరం. ఆరు నెలల ఖర్చు కోసం ఎన్నో ఏళ్ల చదువును పణంగా పెట్టకండి. అపాయింట్‌మెంట్లు అమ్మేవారి జోలికి కూడా వెళ్లవద్దు. దరఖాస్తు పంపడానికి అపాయింట్‌మెంట్ అవసరమే లేదని పైన అన్నగారు వివరించారు కదా.

నిజంగా చేతిలో డబ్బు లేని పరిస్థితి వస్తే మీ ఊరి స్టుడెంటెన్‌వెర్క్‌లో (విద్యార్థుల సంక్షేమ సంస్థ) సామాజిక సలహా విభాగం ఉంటుంది. సలహాకు డబ్బు తీసుకోరు. చదువు చివరి దశలో ఉన్నవారికి చాలా చోట్ల అత్యవసర సహాయమో, చిన్న రుణమో ఉంటుంది. విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘంలో ఉచిత న్యాయ సలహా కూడా దొరుకుతుంది. అడగడానికి సిగ్గుపడవద్దు. ప్రతి సెమిస్టర్‌కు మీరు కట్టే రుసుములో వీటికి వెళ్లే వాటా కూడా ఉంది.

కృష్ణాతీరం

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఫారం నింపాను, రేపు రిజిస్టర్డ్ పోస్టులో పంపి, అదే కట్టను ఈమెయిలులో కూడా పంపుతాను. వేసవి సెమిస్టర్ ఫీజు ఈ రోజే కట్టాను. స్టడీ అడ్వైజర్ వచ్చే వారం రమ్మన్నారు. ఆ లేఖను తరువాత జతపరుస్తానని దరఖాస్తులోనే రాశాను. జీతం స్లిప్పుల్లో పని రోజులు కూడి చూశాను, 140కి లోపలే ఉన్నాయి.

ఇంకా మిగిలింది అక్క పెళ్లి. మే నాటికి తాత్కాలిక పత్రం మాత్రమే చేతికి వస్తే దానితో వెళ్లి రావడం క్షేమమేనా? పైగా నా పాస్‌పోర్టు గడువు వచ్చే జనవరితో ముగుస్తుంది. దాని ప్రభావం పర్మిట్ మీద ఉంటుందా?

ఎల్బేగట్టు

ముందు పాస్‌పోర్టు సంగతి. సాధారణంగా పర్మిట్‌ను పాస్‌పోర్టు గడువు దాటి ఇవ్వరు. మీరు వచ్చే మార్చి వరకు అడిగినా, పాస్‌పోర్టు జనవరితో ముగిస్తే కార్డు కూడా జనవరి దగ్గరే ఆగే అవకాశం ఎక్కువ. కాబట్టి పాస్‌పోర్టు పునరుద్ధరణ ఇప్పుడే మొదలుపెట్టండి. మీ ప్రాంతం బెర్లిన్‌లోని భారత రాయబార కార్యాలయం పరిధిలోకి వస్తుందో, హాంబర్గ్, ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్ కాన్సులేట్లలో ఏదో ఒకదాని పరిధిలోకి వస్తుందో చూసుకుని అక్కడే దరఖాస్తు చేయాలి. కొత్త పాస్‌పోర్టు వచ్చాక దాని నకలును విదేశీయుల కార్యాలయానికి పంపి, పాతదాన్ని పారేయకుండా దగ్గర పెట్టుకోండి.

ప్రయాణం విషయానికి వస్తే, మూడో గడికి టిక్ ఉన్న తాత్కాలిక పత్రం, గడువు ముగిసిన పాత కార్డు, చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు, ఈ మూడూ చేతిలో ఉంటే తిరిగి జర్మనీలో ప్రవేశించవచ్చు. ఆ పత్రం మీద కూడా ఒక గడువు తేదీ ఉంటుంది, మీ తిరుగు ప్రయాణం దానికి లోపలే ఉండాలి. ఈ పత్రం లేకుండా, దరఖాస్తు అందిందన్న ఈమెయిలు మాత్రమే పట్టుకుని జర్మనీ దాటి వెళ్లవద్దు. ఇక్కడ ఉన్నంతకాలం మీ హక్కు చెల్లుతుంది, కానీ శంషాబాద్‌లో చెక్‌ఇన్ కౌంటరు దగ్గర ఆ ఈమెయిలు చూసి ఎవరూ బోర్డింగ్ పాసు ఇవ్వరు. అప్పుడు చదువు వీసాకు మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు చేసుకోవలసి వస్తుంది, థీసిస్ మధ్యలో నెలలు పోతాయి.

పత్రం ఉన్నా, కౌంటరులోని సిబ్బందికి అది పరిచయం లేకపోవడం మామూలే. కార్డు మీద గడువు ముగిసిందే చూస్తారు. అందువల్ల టికెట్ కొనేముందు విమానయాన సంస్థకు ఈమెయిలు రాసి, ఈ పత్రాన్ని అంగీకరిస్తామన్న జవాబును ముద్రించి దగ్గర పెట్టుకోండి. మధ్యలో మరో యూరప్ దేశంలో దిగే టికెట్ కంటే హైదరాబాద్ నుంచి నేరుగా ఫ్రాంక్‌ఫర్ట్‌కు వచ్చేది తీసుకోవడం మేలు, ఎందుకంటే ఈ కాగితాన్ని రోజూ చూసే అధికారుల ముందుకే మీరు వస్తారు. మార్చిపోగల టికెట్ కొనండి, కొంచెం ఖరీదైనా సరే.

పత్రం త్వరగా రావాలంటే, దరఖాస్తు చేరిన కొద్ది వారాల తరువాత మర్యాదగా ఒక గుర్తుచేసే ఈమెయిలు రాయండి. మే నెలలో కుటుంబంలో వివాహం ఉందని, శుభలేఖ ముద్రించి ఉంటే దాని నకలు, జర్మన్‌లో రెండు వరుసల వివరణతో జతపరచండి. జవాబు లేకపోతే మీ విశ్వవిద్యాలయ ఇంటర్నేషనల్ ఆఫీసును మధ్యలోకి రమ్మని అడగండి. చాలా నగరాల్లో వారికి కార్యాలయంలో నేరుగా మాట్లాడే మనిషి ఉంటారు. దరఖాస్తు మీద మూడు నెలలు దాటినా సరైన కారణం లేకుండా నిర్ణయం రాకపోతే పరిపాలనా న్యాయస్థానంలో దావా వేసే హక్కు చట్టంలో ఉంది. అయితే మీ విషయంలో అంతదూరం వెళ్లవలసిన అవసరం రాదనే అనుకుంటున్నాను. ఆ మాట అవసరమైతే విద్యార్థి సంఘం న్యాయవాది ద్వారానే చెప్పించండి.

మే నెలలో మీకు దొరుకుతున్న ఆ అపాయింట్‌మెంట్‌ను రద్దు చేయకండి. వేలిముద్రలు ఇవ్వడానికి ఎలాగూ ఒకసారి స్వయంగా వెళ్లాలి, కొత్త కార్డు బెర్లిన్‌లో ముద్రణ అయి రావడానికి ఆ తరువాత కొన్ని వారాలు పడుతుంది. ఫోటో కూడా 2025 మే నుంచి డిజిటల్‌గానే ఇవ్వాలి, కాగితం మీద ముద్రించిన ఫోటో తీసుకోరు. పెళ్లి తేదీ, అపాయింట్‌మెంట్ తేదీ ఒకదానితో ఒకటి తగులుతుంటే మాత్రం తేదీ మార్చమని ఇప్పుడే రాయండి.